మాస్టారి ఫిడేలు పట్టుకున్నాయన

మంగళవారం పొద్దున్న షాపు షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. కడియం నుంచి, ఫిడేలు మాస్టారి తమ్ముడి కోడలు. ఆవిడ ఎప్పుడు ఫోను చేసినా ముందు మా ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి అడిగి, తర్వాత వర్షాల గురించి మాట్లాడి, అప్పుడు విషయానికి వస్తారు. ఆ రోజు అవేమీ లేవు. "పెదమావయ్యగారు వెళ్ళిపోయారండి. తెల్లారగట్ల లేచి కాఫీ తాగేరు. గ్లాసు కడిగి బోర్లించేరు. మళ్ళీ కాసేపు పడుకుంటానన్నారు. అంతేనండి" అన్నారు.

షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూర్చున్నాను. మాది మండపేటలో ఫోటో స్టూడియో. ఎదురుగా ధాన్యం లారీ ఒకటి కీచుకీచుమంటూ రివర్సు తీసుకుంటోంది. మాస్టారు పక్కనుంటే ఆ చప్పుడు విని, "కొంచెం శ్రుతి తగ్గిందండి, బ్యాటరీ చూపించుకోమనండి" అనేవారు. ఆయన అలా అన్న మాటే నిజమై, ఒక లారీ మరునాడు మా షాపు ముందే ఆగిపోయింది కూడా. అది గుర్తొచ్చి నవ్వొచ్చింది, నవ్వు పూర్తి కాకుండానే ఏడుపొచ్చింది. యాభై దాటిన మగాణ్ణి, బజార్లో మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎదురు మందుల షాపాయన మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు.

ఆయన వయసు ఎనభై ఆరు. వెళ్ళిపోయే వయసే అని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు, నాకు మాత్రం కాదు. ఇంకో మాట, ఈ వ్యాసంలో ఆయన పేరు ఎక్కడా కనిపించదు. మరిచిపోయి కాదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

నాకూ ఆయనకూ స్నేహం కలిసింది నేను చేసిన ఒక తప్పు పని వల్ల. ఆరేళ్ళ కిందట రాజమండ్రిలో ఒక సంగీత సభ వాళ్ళు మన జిల్లాల వాద్య కళాకారుల పేరిట ఏదో కార్యక్రమం పెట్టుకుని, వేదిక వెనక కట్టడానికి పెద్ద ఫ్లెక్సు కావాలన్నారు. దాని మీదికి ఫోటో వాట్సాప్‌లో పంపారు. అది మీలో చాలామంది ఫోనులకు కూడా వచ్చే ఉంటుంది. మద్రాసులో ఒక రికార్డింగు థియేటరు వరండా, నలుపు తెలుపు బొమ్మ, రెండు వరసల్లో పద్దెనిమిది మంది, చేతుల్లో రకరకాల వాయిద్యాలు, అందరి మొహాల్లోనూ ఆపుకుంటున్న నవ్వు. సినిమా పాటల వెనక వాయించినవాళ్ళు. పాడినవాళ్ళ పేర్లు లోకానికి తెలుసు, రాసినవాళ్ళ పేర్లు తెలుసు, వీళ్ళ పేర్లు వాళ్ళ వీధివాళ్ళకు తెలిస్తే గొప్ప.

మా నాన్నగారు ఈ స్టూడియో నడిపిన రోజుల్లో ఒక నియమం ఉండేది. ఎవరైనా పాత ఫోటో తెచ్చి కాపీ తీసిమ్మంటే, ముందు దాన్ని వెనక్కి తిప్పి చూసేవారు. వెనక ఇంకో స్టూడియో ముద్ర ఉంటే, "ముందు ఆయన్ని ఓ మాట అడిగి రండి" అని పంపేసేవారు. ఆ స్టూడియో కాకినాడలో ఉన్నా అంతే, మూతబడిపోయినా అంతే. "అది ఇంకొకరి అన్నంరా, అడక్కుండా చెయ్యి పెట్టకూడదు" అని నాకు చెప్పేవారు. ఫోటోకి వెనకవైపు ఉన్నన్నాళ్ళూ నేనూ ఆ నియమం తప్పలేదు. ఫోనులో వచ్చిన ఫోటోకి వెనకవైపు ఎక్కడుంటుంది? ఏం తిప్పి చూస్తాం?

అలా ఏమీ చూడకుండా దాన్ని పెద్దది చేశాను. ఫ్లెక్సు కొలతకి సరిపోక కుడి అంచున ఉన్న మనిషిని కోసేశాను. సగమే కనిపిస్తున్నాడు, ఆ సగం మొహం మీద కూడా మడత పడింది, పోతే పోయాడనుకున్నాను. పేర్లు సభ కార్యదర్శి గారు ఇచ్చారు. ఆ రోజుల్లో మద్రాసులో మృదంగం ఎవరు, ఫ్లూటు ఎవరు, తబలా ఎవరు అని ఆయన దగ్గర ఒక జాబితా ఉంది. బొమ్మలో ఎవరి చేతిలో ఏ వాయిద్యం ఉంటే వాళ్ళ కింద ఆ పేరు పెట్టేశాం. ఇంతకంటే సులువైన పని ఉండదనుకున్నాం ఇద్దరమూ.

సభ జరిగిన మర్నాడు పది గంటలకి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో మడత పెట్టిన చిన్న తువ్వాలు, చేతిలో గుడ్డ సంచీతో ఒక పెద్దాయన షాపులోకి వచ్చారు. కుర్చీ వేస్తే దాని అంచు మీద కూర్చున్నారు. తర్వాత తెలిసింది, ఆయన జీవితమంతా కుర్చీకి చేరగిలబడి ఎరగరు. ఫిడేలు వాయించేవాళ్ళు అలాగే కూర్చుంటారట.

"రాజమండ్రిలో నిన్నటి ఫ్లెక్సు తమరే వేశారాండి?"

"ఆయ్, మేమేనండి. ఎలా ఉందండి?" అన్నాను, మెచ్చుకోవడానికే కడియం నుంచి బస్సెక్కి వచ్చారనుకుని.

"గుడ్డ గట్టిదేనండి" అన్నారు. "అందులో మృదంగం పట్టుకున్నాయన కింద ఎవరిదో పేరు వేశారు. ఆయన నేనేనండి."

"అయ్యో, తమరు మృదంగ విద్వాంసులని మాకు తెలీదండి."

"కాదండి. నాకు మృదంగం రాదు."

నాకేమీ అర్థం కాలేదు. ఆయన పడీపడీ నవ్వారు. ఆ నవ్వు చూశాక బొమ్మలో మనిషిని పోల్చుకున్నాను.

సంగతేమిటంటే, ఒక సినిమాకి వెనక సంగీతం పని ముగిసే రోజున ఈ వాయిద్యాల వాళ్ళకి ఒక సరదా ఉండేదట. దాన్ని తారుమారు అనేవారట. అన్ని రోజులూ తప్పు లేకుండా వాయించి వాయించి బిగుసుకుపోయిన ప్రాణాలు కదా, చివరి రోజు ఎవరి వాయిద్యం పక్కవాడి చేతిలో పెట్టి, రాని వాయిద్యంతో అందరూ కలిసి ఒక్క ముక్క వాయించేవారట. "వినలేరండి. పిల్లులు పారిపోయేవి" అన్నారు మాస్టారు. ఆ రోజు హీరోగారిని ఫోటో తీయడానికి వచ్చిన ఫోటోగ్రాఫరు ఆ గోల విని తొంగిచూసి, ఫిల్ములో ఒక్కటి మిగిలిందని అందరినీ వరండాలోకి రమ్మన్నాడట. ఎవరి చేతిలో ఏముంటే దానితోనే వచ్చి నిలబడ్డారు. కాబట్టి మా జాబితాలో ఫ్లూటాయన తబలా అయ్యాడు, తబలా ఆయన సితారయ్యాడు, ఫ్లెక్సు మీద మిగిలిన పదిహేడు మందిలో ఒక్క పేరూ సరైన చోట పడలేదు.

"తప్పయిపోయిందండి. మళ్ళీ వేసి పంపిస్తాను" అన్నాను.

"తప్పు అది కాదులెండి, అది ఎవరైనా చేస్తారు" అంటూ సంచీలోంచి వార్తాపత్రికలో చుట్టిన అసలు ఫోటో తీసి బల్ల మీద పెట్టారు. కుడి అంచు మీద వేలు పెట్టారు. "ఈయన ఏడండీ? కోసేశారు. నా ఫిడేలు ఈయన చేతిలో ఉందండి."

చేతులు వాటంతట అవే ఆ ఫోటోని వెనక్కి తిప్పాయి. నీలం సిరాతో గుండ్రటి ముద్ర, సగం చెరిగిపోయి, మద్రాసు వీధి పేరు మాత్రం మిగిలి ఉంది. మా నాన్నగారు నా వీపు మీద ఒక్కటి వేసినట్టయింది.

ఆ రోజు నుంచి ఆరేళ్ళు, నెలకి రెండుసార్లయినా కలుసుకునేవాళ్ళం. మద్రాసులో కీబోర్డులు వచ్చి పదిమంది పని ఒక పెట్టె చేయడం మొదలుపెట్టాక, ఆయన కడియంలో తమ్ముడి నర్సరీకి వచ్చేశారు. మొక్కల కుండీలు పేర్చిన రేకుల షెడ్డులో పిల్లలకి ఫిడేలు నేర్పేవారు. ఎనిమిదేళ్ళ పిల్లని కూడా "కమాను కొంచెం ఎత్తండమ్మా" అనేవారు. ఆయన నోట నువ్వు అనే మాట నేను వినలేదు, కుక్కని అదిలించినా "పక్కకి వెళ్ళండి" అనేవారు. షెడ్డు పక్కన కూలి ఆడవాళ్ళు మొక్కలకి పేర్ల చీటీలు కట్టి లారీ ఎక్కిస్తుంటే, పాఠం ఆపి వెళ్ళి చీటీలు సరిచూసి వచ్చేవారు. "పేరు లేకుండా పంపితే అక్కడెవరో ఇంకేదో మొక్క అనుకుని నీళ్ళు పోస్తారండి. దాని తప్పేముంది?" అనేవారు.

తన పని గురించి ఒకసారి ఇలా చెప్పారు. "మేము వినబడితే తిట్లండి. వినబడకపోతే మర్నాడు మళ్ళీ కబురు. పాటలో కలిసిపోవడమే మా విద్య." మళ్ళీ ఆయనే, "కలిసిపోవడం వేరు, లేకుండా పోవడం వేరండి" అన్నారు.

ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ ఫోటో ఎక్కడ వాడినా సరే, కింద పద్దెనిమిది పేర్లూ ఉండాలి. మొదట్లో పదమూడు గుర్తుండేవి. మిగతావాటి కోసం పాత స్నేహితులకి, వాళ్ళ పిల్లలకి ఫోనులు చేశారు. ఒక పేరు దొరికిన రోజున సాయంత్రం బస్సులో మండపేట వచ్చి, ఆ పేరు నాకు చెప్పి, టీ తాగి, మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయేవారు. ఫోనులో చెప్పొచ్చు కదండీ అంటే, "పేరు కదండీ, మనిషొచ్చి చెప్పాలి" అనేవారు. అలా పదిహేడయ్యాయి. పద్దెనిమిదో మనిషి దగ్గర ఆగిపోయారు. కుడి అంచున, ఆయన ఫిడేలు పట్టుకున్నాయన.

"క్లారినెట్ వాయించేవాడండి. పదకొండు రోజులు పక్కపక్కన కూర్చున్నాం. ఒకే పచ్చడి నంచుకున్నాం. పేరు తెలీదు" అన్నారు. నమ్మకం కలగలేదు నాకు. అప్పుడు వివరించారు. హాల్లో ఎవరినీ పేరుతో పిలవరట. మైకులోంచి పిలుపు, "సెకండ్ ఫిడేలు, కాస్త తగ్గండి", "క్లారినెట్, మీరు రెండో చరణానికి రండి" అనే. అదే అలవాటై బయట కూడా "సెల్లో గారూ, భోజనానికి వస్తారా" అనుకునేవారట. "మా వాళ్ళు తప్ప ఇలాంటి తప్పు ఎవరూ చెయ్యరండి. వాళ్ళ అమ్మాయి సంగతి కూడా చెప్పేడు నాకు. పాలపన్ను ఊడిందట. చూరు మీదకి విసరాలి కదా, తనకి అందదని, నాన్న వచ్చి విసరాలని, అగ్గిపెట్టెలో దాచిపెట్టుకుందట. పని అయిపోగానే రైలెక్కాలని తొందర పడేవాడు. ఇంత చెప్పేడు. ఊరేదని, పేరేదని నేను అడగలేదు." ఆ మాట అని జేబులోని తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. అరవై ఏళ్ళ కిందటి సంగతికి అంత సిగ్గుపడిన మనిషిని నేను చూడలేదు.

ఆయన్ని సంతోషపెడదామని నేనొక తెలివితక్కువ పని చేశాను. ఇప్పుడు కంప్యూటరుకి చిరిగిన ఫోటో ఇస్తే అదే బాగుచేసి రంగులద్ది ఇస్తుంది కదా. ఇచ్చాను. మడత పడిన ఆ సగం మొహానికి అది చక్కటి మొహం తయారుచేసింది. కోర మీసం, మెరిసే కళ్ళు. ఫ్రేము కట్టించి మరీ కడియం పట్టుకెళ్ళాను.

మాస్టారు చాలాసేపు చూశారు. "ఎవరండీ ఈయన?"

"క్లారినెట్టాయనేనండి. మిషను బాగుచేసింది."

"కాదండి. ఈయనెవరో నాకు తెలీదు. తెలీని మనిషిని తెచ్చి మా మధ్య నిలబెట్టకండి." ఆయనకి కోపం వస్తే గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది. "మొహం సగమే ఉంటే సగమే ఉండనీండి. రేపు ఆయన తాలూకు వాళ్ళెవరైనా చూస్తే ఇదే నిజమనుకోరాండి?" నా ఫోనులో ఉన్న ఆ బొమ్మ కాపీని కూడా తన ఎదురుగానే చెరిపేయించారు. ఆ రోజు మనసులో విసుక్కున్నాను. ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఎవరి దగ్గర దాచినా ఇక్కడ దాచడం ధర్మం కాదు కాబట్టి రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట రాజమండ్రి కాలేజీలో పనిచేసే ఒక లెక్చరరమ్మ ఈ వాయిద్యాల వాళ్ళ మీద పుస్తకం రాయడం మొదలుపెట్టారు. ఆ ఫోటో లేకుండా పుస్తకమే లేదని ఆవిడ పట్టు. ప్రచురణకర్తలేమో ఫోటో హక్కు ఎవరిదో తేల్చమన్నారు. మా షాపు మేడ మీద లాయరు గారి ఆఫీసు ఉంది. మాస్టారు, లెక్చరరమ్మ, నేను ముగ్గురం మెట్లెక్కాం.

లాయరు గారు అంతా విని తేలిగ్గా నవ్వేశారు. "భయం లేదండి. ఫెయిర్ యూజ్ అంటారు చూడండి, మన చట్టంలో దాన్నే ఫెయిర్ డీలింగ్ అంటారు. పరిశోధన కోసం, వివరించడం కోసం కొంత వాడుకోవచ్చు. పైగా తీసినాయన ఎవరో కూడా తెలీదు. ఎవరొచ్చి అడుగుతారు? వేసేయండి."

లెక్చరరమ్మ మొహం వెలిగింది. మాస్టారు కుర్చీ అంచున అలాగే ఉన్నారు. "ఫెయిరంటే ఎవరికండి?" అని అడిగారు.

"వాడుకునేవాళ్ళకండి. చట్టం ఒప్పుకుంటుంది."

"చట్టం వాడుకోవచ్చంది గాని అడగొద్దనలేదు కదండీ. వెతికి అడుగుదాం. దొరక్కపోతే అప్పుడు మీరన్నట్టే చేద్దాం."

లెక్చరరమ్మకి పుస్తకం ఆలస్యమవుతుందని బెంగ. ఆ బెంగ న్యాయమైనదే. ఆవిడ వాదించారు కూడా. మాస్టారు ఫోటో తిప్పి ఆ చెరిగిన ముద్ర మీద వేలు పెట్టి, "ఈయన కూడా మా జాతే కదమ్మా. బొమ్మ అందరికీ తెలుసు, తీసినాయన ఎవరికీ తెలీదు. మా పేర్లు వెయ్యండని ఊరంతా తిరిగేను. ఈయన పేరు నేనే వదిలేస్తే ఎలాగండి?" అన్నారు. ఆవిడ ఆ ముద్రలో మిగిలిన వీధి పేరు కాగితం మీద రాసుకున్నారు.

ముద్ర మాత్రం ఫోటో తీసి చెన్నైలో ఫోటోలవాళ్ళ గ్రూపులకి పంపాను. నెలలు గడిచాయి. చివరికి ఒక కెమెరా రిపేరు ఆయన బదులిచ్చాడు. ఆ ఫోటోగ్రాఫరు పోయి చాలా కాలమైందట, కూతురు ఉందట, నంబరు ఇచ్చాడు. నా షాపులోంచే మాస్టారు ఫోను చేశారు. మరిచిపోయాననుకున్న అరవం ఆయన నోట గడగడా వచ్చేసింది. అవతల ఆవిడ ముందు ఎవరో ఏమిటో అని బిగుసుకుని, తర్వాత నవ్వి, తర్వాత ఏడ్చిందట. ఇన్నేళ్ళలో ఆ ఫోటో ఎక్కడెక్కడో చూసిందట, ఎవరూ అడగలేదట. నాన్న పేరు వేస్తే చాలు, వాడుకోండి అంది. నెగటివు కూడా ఉందంది, వెతికి పంపిస్తానంది.

కొరియరులో వచ్చిన కవరు నేనే విప్పాను. పాత కాగితపు తొడుగులో నెగటివు. తొడుగు మీద పెన్సిల్‌తో, చీమలంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకటి నుంచి పద్దెనిమిది వరకూ అంకెలు. ప్రతి అంకె పక్కన పేరు, వాయిద్యం, ఊరు. ఒక్కొక్కరికీ ఒక్కో కాపీ పంపాలని రాసుకున్నాడు కాబోలు ఆ మహానుభావుడు. ఆ రోజు వాళ్ళందరిలోకీ పేర్లు అడిగిన మనిషి ఆయన ఒక్కడే.

ఈసారి నేను బస్సెక్కాను. పేరు కదా, మనిషి వెళ్ళి చెప్పాలి. మాస్టారు పాఠం చెబుతున్నారు. తొడుగు చేతికిచ్చాను. కళ్ళద్దాలు సవరించుకుని చివరి అంకె దగ్గరికి వచ్చి పైకి చదివారు. "వీరభద్రం. క్లారినెట్. ఉప్పాడ." తర్వాత పిల్లల వైపు తిరిగి, "నా ఫిడేలు పట్టుకున్నాయన పేరు వీరభద్రం గారండి" అని పరిచయం చేశారు, ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నట్టే.

నెగటివు నుంచి కొత్తగా ప్రింటు తీశాను. మడత లేదు, చిరుగు లేదు. కుడి అంచున మనిషి నిండుగా నవ్వుతున్నాడు. మీసం లేదు. కోల మొహం, కాస్త ముందుకొచ్చిన పళ్ళు. మిషను చేసిన మొహానికీ ఈ మొహానికీ చుట్టరికమే లేదు. మాస్టారు దాన్ని చూసి, "ఆఁ, ఈయనేనండి" అన్నారు. నన్ను దెప్పలేదు.

పోయిన చలికాలంలో కారు మాట్లాడుకుని ఇద్దరం ఉప్పాడ వెళ్ళాం. సముద్రం కోసేసిన రోడ్డు తప్పించుకుంటూ, నేతపనివాళ్ళ వీధిలో అడుగుతూ వెళితే, పెళ్ళి బాండు వీరభద్రం గారి అమ్మాయి ఇల్లు చూపించారు. అమ్మాయి అంటే ఇప్పుడు అరవై దాటినావిడ. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నేస్తోంది. మేమెవరమో చెప్పి ఫోటో చేతికిచ్చాం.

ఆవిడ ఎంతసేపు చూసిందో చెప్పలేను. "మా నాన్న నాకు ఏడేళ్ళప్పుడు పోయేడండి. ఒక్క ఫోటో ఉండేది, ఇంటి గోడకి. ఇల్లు సముద్రంలో పోయినప్పుడు గోడతో పాటు అదీ పోయింది. మొహం మర్చిపోయేనండి నేను" అంది. తర్వాత వేలు పెట్టి, "మా నాన్న ఫిడేలు కూడా వాయించేవాడాండి?" అని అడిగింది.

"లేదమ్మా, అది నాది. ఒక్క నిమిషం పట్టుకోమని ఇచ్చేను" అన్నారు మాస్టారు. తర్వాత మెల్లిగా, "అమ్మా, అగ్గిపెట్టెలో పాలపన్ను దాచుకున్నారట కదండీ తమరు?" అన్నారు.

ఆవిడ చేతిలోంచి మగ్గం నాడె జారి పడింది. ఆ సంగతి ఆవిడకీ వాళ్ళ నాన్నకీ తప్ప ఎవరికీ తెలీదట.

"విసిరేడాండి మరి, వచ్చాక?"

"విసిరేడండి. నన్ను భుజం మీద ఎక్కించుకుని నా చేతే విసిరించేడు. ఆ చూరు ఇప్పుడు సముద్రంలో ఉందండి" అని ఆవిడ ఏడుస్తూ నవ్వింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను ఆ కోర మీసం మొహం గురించే ఆలోచించాను. మాస్టారు ఆ రోజు చెరిపించకపోతే, ఆ ఫ్రేమే పట్టుకుని వచ్చి ఉంటే, ఈవిడ దానికే దండ వేసుకుని బతికేది. మాస్టారికి ఆ మాట చెప్పి, "క్షమించండి" అన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "పోనిద్దురూ, విసిరేడు కదా" అన్నారు. ఆయన ఇంకా అక్కడే ఉన్నారు.

పుస్తకం ప్రూఫులు ఆయన పోవడానికి పది రోజుల ముందు వచ్చాయి. ఫోటో కింద ముందు తీసినాయన పేరు, తర్వాత పద్దెనిమిది పేర్లు, ఎవరు ఏది వాయించేవారో, ఆ రోజు ఏది పట్టుకున్నారో. లెక్చరరమ్మ అభిమానం కొద్దీ మాస్టారి పేరు కాస్త లావు అక్షరాల్లో వేయించారు. మాస్టారు భూతద్దం పెట్టి చదివి, దానికి సున్నా చుట్టి నాకిచ్చారు. "మామూలు అక్షరాలు చాలని చెప్పండి. నా పేరు వరసలోంచి విడిగా తీయకండి. విడిగా తీస్తే మళ్ళీ కోసినట్టేనండి."

అందుకే ఇక్కడ రాయలేదు. ఆయన పేరు కావాలనుకున్నవాళ్ళు పుస్తకం తెరిచి చూడండి. వెనక వరసలో, ఎడమ నుంచి నాలుగో మనిషి, మృదంగం పట్టుకుని ఉంటారు. మొదటి పేరు నుంచి వరసగా చదువుకుంటూ రండి.

కార్యక్రమాలన్నీ అయ్యాక వచ్చిన ఆదివారం, కడియం షెడ్డులో ఆయన శిష్యులు, కచేరీల్లో వాళ్ళతో కలిసి వాయించే మృదంగం, ఫ్లూటు పిల్లలు కలుసుకున్నారు. నన్ను ఫోటో తీయడానికి పిలిచారు. ఉప్పాడ నుంచి ఆవిడ కూడా బస్సుల మీద బస్సులు మారి వచ్చింది. ఉపన్యాసాలు ఎవరికీ రాలేదు. వాయించబోతే ఎవరికీ చేతులు ఆడలేదు. అప్పుడు ఒక పదేళ్ళ పిల్ల లేచి, "తారుమారు చేద్దామాండి?" అంది. ఒక్క క్షణం అందరూ పెద్దవాళ్ళ మొహాలు చూశారు. మాస్టారి తమ్ముడి కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుని, "చెయ్యండమ్మా" అన్నారు.

ఫిడేళ్ళు మృదంగం పిల్లల చేతుల్లోకి, మృదంగాలు ఫ్లూటువాళ్ళ ఒళ్ళోకి వెళ్ళాయి. ఎంత దరిద్రంగా వాయించారో చెప్పలేను. బయట లారీకి మొక్కలెక్కిస్తున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి తలుపు దగ్గర నిలబడి నవ్వారు. ఆయన పోయాక ఆ షెడ్డులో నవ్వు వినపడటం అదే మొదలు.

అందరినీ రెండు వరసల్లో నిలబెట్టాను. మాస్టారి ఫిడేలు పెట్టెలోనే ఉంది. కోడలు దాన్ని తీసుకొచ్చి ఉప్పాడ ఆవిడ చేతిలో పెట్టారు.

"నాకు ఎలా పట్టుకోవాలో తెలీదండి" అంది ఆవిడ కంగారుగా.

"మీ నాన్నగారికీ తెలీదండి" అన్నాను.

ఆవిడ నవ్వేసింది. కోల మొహం, కాస్త ముందుకొచ్చిన పళ్ళు. కుడి అంచున ఆవిడ, గుండెకి ఆనించి నిలువుగా పట్టుకున్న ఫిడేలు. ఫ్రేములో అంచు నుంచి అంచు వరకూ అందరూ పట్టారో లేదో రెండుసార్లు చూసుకున్నాను. కెమెరా పక్కన పెట్టి, జేబులోంచి పెన్సిలు తీసి, ఎడమ వైపు మొదటి పిల్ల దగ్గరికి వెళ్ళాను.

"మీ పేరేంటండీ?"